నీడ కాళ్ళకిందికొచ్చింది, ఇక రా

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాల దిగని కాలాన, ఏటి ఒడ్డున ఒక నాపరాళ్ళ గని ఉండేది. గని పక్కన ఇరవై గుడిసెలు. అన్నిటికన్నా చివరి గుడిసె ఆదెమ్మది.

ఆదెమ్మకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నవి మూడే. ఒక తరవాణి కుండ, ఒక పెళ్ళిచీర, ఒక మొగుడు. మొగుడి పేరు ఎల్లమంద. పలక లేపడంలో అతనంత ఒడుపుగలవాడు ఆ గనిలో ఇంకొకడు లేడు.

నాపరాయి ఎలా ఉంటుందో తెలుసుగా. పొర మీద పొర, పొర మీద పొర. పొరసందున ఉలి పెట్టి, అదను చూసి సుత్తి వేస్తే పలక లేస్తుంది. ఆ గనివాళ్ళకు ఒక నమ్మకం. రాయి బాగా కాగినప్పుడే పలక అంచు చెదరకుండా వస్తుందని. "ఎండకే రాయి మాట వింటది" అనేవాళ్ళు. అందుకని పొద్దున నింపాదిగా వచ్చి, సూర్యుడు నడినెత్తికి చేరాక సుత్తి ఎత్తేవాళ్ళు. రాయి మాట వినేది. ఒళ్ళు వినేది కాదు. ఏటా ఎండాకాలంలో ఒకరో ఇద్దరో గనిలోనే ఒరిగిపోయేవాళ్ళు. వాళ్ళకోసం ఏడ్చేవాళ్ళు. మర్నాడు మళ్ళీ మిట్టమధ్యాహ్నమే సుత్తి పట్టేవాళ్ళు.

ఒకనాడు ఆదెమ్మ గని ఒడ్డున వేపచెట్టు కింద కూర్చుంది. కుండలోని తరవాణిలో, ఆ పులిసిన గంజిలో, ఉప్పు కలిపి, ముంతలో పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టి పిలిచింది.

"మావా! నీడ కాళ్ళకిందికొచ్చింది. ఇక రా!"

"ఇదుగో వస్తన్నా!" అన్నాడు ఎల్లమంద. రాలేదు.

కాసేపాగి మళ్ళీ పిలిచింది. "మావా! నీడ కాళ్ళకిందికొచ్చింది. ఇక రా!"

"ఈ ఒక్క పలకేనే. ఇదుగో వస్తన్నా!" రాలేదు.

మూడోసారి పిలిచింది. "ఇదుగో వస్తన్నా" అన్న మాట ఈసారి పీలగా వినబడింది. అంతే. ఇక రాలేదు.

పలక మాత్రం లేచింది. అంచు చెదరకుండా అద్దంలాగా లేచింది.

ఎల్లమందను ఏటి ఒడ్డున పూడ్చిపెట్టారు. దినవారాలు అయిపోయాయి. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆదెమ్మ ఎప్పటిలాగే కుండ చంకనెత్తుకుని వేపచెట్టు కిందికి వచ్చింది. ఎప్పటిలాగే పిలిచింది.

"మావా! నీడ కాళ్ళకిందికొచ్చింది. ఇక రా!"

గనిలో సుత్తులన్నీ ఆగిపోయాయి. కింది రాతిగోడ ఆ పిలుపును పట్టుకుని తిరిగి పంపింది. "...ఇక రా!"

ఆదెమ్మ ఉలిక్కిపడింది. ఆ గోడవైపే చాలాసేపు చూసింది.

ఆ పూట చెంచయ్య అనే ముసలాయన సుత్తి పక్కనపెట్టి ఒడ్డెక్కాడు. కింద కుర్రకారు నవ్వారు.

"తాతా! నువ్వెప్పుడు మావవయ్యావు?"

"తరవాణి పోసే పిల్ల పిలుస్తుంటే వరసలేందిరా!" అన్నాడు చెంచయ్య, ముంతకోసం చెయ్యి చాపుతూ.

ఆదెమ్మ ముంత ఇవ్వలేదు. "ముందు నీడ, తర్వాత గుడ్డ, ఆ తర్వాతే గుటక" అంది. ముసలాయన్ని నీడన కూర్చోబెట్టింది. పెళ్ళిచీర కొంగు నుంచి ఒక పేలిక చించి, నీళ్ళలో ముంచి నెత్తిన వేసింది. ఆయాసం తగ్గాక ముంత ఇచ్చింది.

"గటగటా తాగమాక తాతా. ఒక్కో గుటక. దాహమయ్యిందాకా ఆగమాక. రేపు అంతకుముందే రా."

ఆ ఎండాకాలం చెంచయ్య ఒక్కడే వచ్చాడు. రెండో ఎండాకాలానికి సగం గని వచ్చింది. పిలిచింది ఒకణ్ణే. వచ్చింది మిగతావాళ్ళు. ఆదెమ్మ ప్రతి మొహమూ చూసేది. చూసి, ముంత అందించేది. ఒక ముంత మాత్రం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేది.

మధ్యాహ్నం పోయిన పని మళ్ళీ రావాలి కదా. తరవాణి తాగినవాళ్ళంతా వేగుచుక్క ఉండగానే గనిలోకి దిగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పడుకుని, నీడ మనిషంత పొడుగయ్యాక మళ్ళీ దిగేవాళ్ళు. పలకలు కాస్త చెదిరాయి. మనుషులు చెదరలేదు.

మూడో ఎండాకాలం వచ్చింది. వానలు పడేలోగా ఏటి రేవుకు మెట్లు అందివ్వాలి. మేస్త్రి కొండ్రయ్య కంగారుమీద ఉన్నాడు. చెదిరిన పలక మెట్టుకు పనికిరాదు. చరచరా వేపచెట్టు కిందికి వచ్చాడు.

"ఆదెమ్మా, నీ పిలుపు ఆపు. నా మనుషులు సుత్తులు పారేసి పరిగెత్తుకొస్తన్నారు."

"నీ మనుషుల్ని నేను పిలవలేదన్నా. మా మావను పిలుచుకుంటన్నా."

"ఆడింక రాడే పిచ్చిదానా!"

ఆదెమ్మ కళ్ళు దించుకుంది. "వచ్చిందాకా పిలుస్తా."

"రేపు పిలిస్తే నీ కుండ పగలగొడతా!"

ఉన్న మూడింట్లో మొగుడు పోయాడు. చీర సగం పేలికలైంది. మిగిలింది కుండ. మర్నాడు ఆదెమ్మ పిలవలేదు. ఆ మర్నాడూ పిలవలేదు. మధ్యాహ్నమంతా సుత్తుల చప్పుడే.

మూడోనాడు, అన్నిటికన్నా పెద్ద పలకను ఎవరి చేతికీ ఇవ్వనని కొండ్రయ్యే గనిలోకి దిగాడు. గుడిసె ముందు నిలబడ్డ ఆదెమ్మ నీడ చిన్నదవుతూ, చిన్నదవుతూ, కాళ్ళకిందికి వచ్చేసింది. ఆమె ఇక ఉండలేకపోయింది. పగిలితే పగలనీ అని కుండెత్తుకుని ఒడ్డుకు పరిగెత్తింది.

"మావా! నీడ కాళ్ళకిందికొచ్చింది. ఇక రా!"

అందరూ ఒడ్డెక్కారు. కొండ్రయ్య ఎక్కలేదు. కిందినుంచి పీలగా ఒక మాట వచ్చింది.

"ఇదుగో వస్తన్నా..."

ఆ గొంతు ఆదెమ్మకు తెలుసు. మనిషి వేరు, గొంతు అదే. ఆనాడు ఒడ్డున కూర్చుని మూడుసార్లు పిలిచింది. ఈనాడు రెండోసారి పిలవలేదు. గనిలోకి దూకినట్టే దిగింది. చెంచయ్య ఆమె వెనకే దిగాడు. పలక మీదికి వాలిపోయిన కొండ్రయ్యను ఇద్దరూ మోసుకొచ్చి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. ముందు నీడ. మిగిలిన చీరంతా తడిపి ఒంటినిండా కప్పింది. తర్వాత గుడ్డ. అతను కళ్ళు తెరిచి, మనుషుల్ని గుర్తుపట్టాక ముంత అందించింది. ఆ తర్వాతే గుటక.

"వస్తన్నా అన్నా గదా..." అని గొణిగాడు కొండ్రయ్య.

"వస్తన్నా అన్నవాడు రాడన్నా" అంది ఆదెమ్మ. అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఏడవడం వాళ్ళు చూసింది ఆ ఒక్కసారే. "వచ్చినవాడే, వచ్చా అంటాడు."

రేవు మెట్లు చెదిరిన అంచులతోనే కట్టారు. ఏరు ఏమీ అనలేదు.

ఎన్నో ఎండాకాలాలు గడిచాయి. ఆ గనిలో ఎండకు మళ్ళీ ఎవరూ ఒరగలేదు. ఆదెమ్మ రోజూ పిలిచేది. రాతిగోడ రోజూ "ఇక రా" అనేది. "ఉండు మావా, వీళ్ళను తాగనీ" అని ఆమె మెల్లగా బదులు చెప్పేది. తల నెరిసింది. నడుము వంగింది. ఒకనాడు మధ్యాహ్నం పిలిచింది. గోడ పలికింది. అందరూ తాగడం అయ్యాక ముంతలు కడిగి బోర్లించింది. పక్కన పెట్టిన ముంతను మాత్రం అలాగే ఉంచింది. చెట్టుకు చేరగిలబడి, గోడవైపు చూసి నవ్వింది.

"వచ్చా మావా" అంది.

మర్నాడు నీడ కాళ్ళకిందికి వచ్చింది. పిలిచేవాళ్ళు లేరు. ఎవరికీ సుత్తి ఆపాలని తోచలేదు. అప్పుడు ముసలి మేస్త్రి కొండ్రయ్య కర్ర పట్టుకుని ఒడ్డుమీద నిలబడ్డాడు. సిగ్గుపడలేదు. గొంతెత్తి పిలిచాడు. "మావా! నీడ కాళ్ళకిందికొచ్చింది. ఇక రా!"

ఇప్పటికీ ఆ వైపు ఎండాకాలం మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఎవరూ "ఇదుగో వస్తన్నా" అనరు. ఎవరైనా అంటే, పెద్దవాళ్ళు అన్నవాడి నోరు చేత్తో మూస్తారు. చేతిలో పని చేతిలోనే వదిలి, నీడలోకి నడిచి, అప్పుడు "వచ్చా" అంటారు. నెత్తిన తడిగుడ్డ వేసుకుంటారు. ఒక్కో గుటక తాగుతారు. ఒక ముంత పక్కన పెడతారు.

సాయంత్రానికి ఆ ముంతలో ఒక వేలెడు తగ్గుతుంది. ఎండకు ఇగిరిందంటారు పెద్దలు. పిల్లలు ఒప్పుకోరు. ముంతలోకి తొంగిచూసి, ఎల్లమంద వచ్చాడంటారు.