నోళ్ళు తెరిచిన చేపలు

కొల్లేటి సరస్సు మధ్య ఒక చిన్న లంకలో, ఎవరు 'చాలు' అన్నా చెవికెక్కని పెద్దిరాజు అనే మనిషి ఉండేవాడు. తినేవాళ్ళు విస్తరికి చేతులు అడ్డం పెడితే ఆ చేతుల మీదే పప్పు పోసేవాడు. అంత ప్రేమ!

లంకవాళ్ళు సరస్సులో ఒక మూల వెదురు దడి కట్టి చేపలు పెంచుకునేవారు. ఊరందరి కూడూ ఆ చేపలే. ఆ ఏడు మేత వేసే పని పెద్దిరాజుకి అప్పజెప్పారు.

"చూస్తూ ఉండండి, ఒక్కో చేప దూడంత అవుతుంది!" అన్నాడు.

బస్తా తవుడు వేయాల్సిన చోట నాలుగు వేశాడు. అదీ చాలదని పడవల కొద్దీ కోళ్ళ పెంట గుమ్మరించాడు. చేపలు తినగా మిగిలింది అడుగున కుళ్ళింది. నాచు పెరిగి నీళ్ళు చిక్కగా పచ్చబడ్డాయి. "ఎంత కళగా ఉందో!" అని మురిసిపోయాడు.

అంతలో బావమరిది సూరన్న చుట్టపుచూపుగా వచ్చాడు. పెద్దిరాజు గారెల మీద గారెలు వడ్డించాడు. సాయంత్రానికి సూరన్న అరుగు మీద వెల్లకిలా పడి, నోరు తెరిచి రొప్పుతున్నాడు.

"బావా... ఊపిరాడట్లేదు..."

"నీరసంరా!" అంటూ పెద్దిరాజు ఆ నోట్లో ఇంకో గారె పెట్టాడు.

తెల్లవారి భార్య నూకరత్నంతో పడవలో వెళ్ళేసరికి చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"పాపం, నన్ను చూసి మేత అడుగుతున్నాయే!" అని బస్తా విప్పబోయాడు.

నూకరత్నం వెళ్ళి ఆ బస్తా మీద కూర్చుంది.

"ఏవయ్యోయ్! నిన్న మా తమ్ముడూ ఇలాగే నోరు తెరిచాడు. అది ఆకలా? ఊపిరి కోసం! నువ్వేసిందంతా కుళ్ళి, నాచు పట్టి, నీళ్ళలో గాలంతా అదే మింగేసింది."

నీళ్ళలో గాలేమిటని మీరూ నోరు తెరవకండి. ఉంటుంది. చేపలు పీల్చేది దాన్నే.

పెద్దిరాజు కేకలు పెట్టాడు. ఊరంతా పడవలేసుకొచ్చి, నీళ్ళలోకి గాలి దిగాలని తెడ్లతో బాదారు. సూరన్న ఆ నిండు పొట్టతోనే దభీమని దూకితే దడి దాకా అల లేచింది. అయినా సగం చేపలే దక్కాయి. ఆ వేసవి లంకంతా చింతపండు చారుతో సరిపెట్టుకుంది.

ఇప్పుడు పెద్దిరాజు గరిటె పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యనా?" అని అడుగుతాడు. "చాలు" అంటే గరిటె వెనక్కి తీస్తాడు, కాస్త కష్టంగానే.

నీతి: మనుషులకైనా, చేపలకైనా, చెరువుకైనా, ఎంత కావాలో తెలుసుకుని అంతే పెట్టాలి; మితిమీరి పెడితే ప్రేమ కూడా ఊపిరాడనివ్వదు.