కొండ దిగిన ఊట

బొంగులకోన అడవి నిండా వెదురు పొదలే. అక్కడ జింకలు, కోతులు, కుందేళ్లు, అడవిపందులు కలిసి బతికేవి. సూదమ్మ అనే ఏదుపంది కూడా ఆ కోనలోనే ఉండేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండి ఇసుక తేలింది. కొండ నెత్తిన ఒక్క ఊటలోనే నీరు మిగిలింది. పసికూనలు ఆ నిటారు కొండ ఎక్కలేకపోయాయి.

"అడవి వదిలిపోదాం" అన్నాయి కుందేళ్లు.

"నా బిడ్డ పుట్టి రెండు వారాలే. అంత దూరం ఎలా నడుస్తుంది?" అని చంద్రి అనే జింక కన్నీళ్లు పెట్టుకుంది.

కోరయ్య అనే అడవిపంది ముందుకొచ్చాడు. "నేనుండగా ఏడుపెందుకు? నా కోరలతో నాలుగు పోట్లు పొడిచానంటే ఊట ఏరై దూకుతుంది!"

"వద్దు కోరయ్యా, అక్కడ మట్టి వదులుగా ఉంది, కూలుతుంది" అంది సూదమ్మ. "వెదురు బొంగులు చీల్చి కాలువ కడదాం. దారి చూపిస్తే నీరే దిగొస్తుంది."

"బొంగుల్లో నీళ్లొస్తాయట!" అని పకపకా నవ్వి, కోరయ్య కొండెక్కి ఊట గట్టును పొడిచాడు. గట్టు విరిగి మీద పడింది. అతని కోర ఒకటి పుటుక్కున విరిగింది. ఊట మట్టిలో పూడిపోయింది. కోరయ్య సిగ్గుతో పొదల్లో దాక్కున్నాడు.

సూదమ్మ తిడుతూ కూర్చోలేదు. అందరినీ వెంటబెట్టుకుని మట్టి తోడించింది. పదునైన పళ్లతో బొంగులను నిలువునా చీల్చి, లోపలి కణుపులు కొరికేసింది. కోతులు పంగ కర్రలు పాతి, వాటి మీద బొంగులను వరసగా పేర్చాయి.

మొదటిసారి నీరు అతుకుల దగ్గర ఎగిరి నేలపాలైంది.

"ఇక మన వల్ల కాదు" అంది ఒక కోతి.

"వాలు ఎక్కువైంది, అంతే! కొండను చుట్టి మెల్లగా దింపుదాం" అంది సూదమ్మ. అతుకులకు జిగురుమట్టి మెత్తింది.

మూడో రోజు మధ్యాహ్నం బొంగు చివర ఒక చుక్క మెరిసింది. తర్వాత సన్నటి ధార. ఆ తర్వాత గలగలమంటూ నీరు! చంద్రి బిడ్డ మూతి ముంచి తాగింది. కోనంతా కేరింతలతో మారుమోగింది.

కోరయ్య తలవంచుకుని వచ్చాడు. "సూదమ్మా, నాకూ..."

"తాగు నాయనా! తాగి, ఆ బొంగులు వీపున వేసుకో. తూర్పు గుట్టకూ నీరు పంపాలి."

వానలు వచ్చేలోగా కోనలోని నాలుగు గుట్టలకూ నీరు పారింది. ఒక్క జంతువూ అడవి వదిలి వెళ్లలేదు.

నీతి: ప్రకృతి సంపద మొరటు బలానికి లొంగదు, దాని తీరు తెలిసి తెలివిగా వాడుకుంటే అందరికీ అందుతుంది.