కోళ్ళ ఇంటికి నక్క మేస్త్రీ

కొండపేట దాటాక కాలవ గట్టు పక్కన ఒక దొడ్డి ఉంది. అందులో ఒక పశువుల పాక, పాక పక్కన గడ్డివాము, వాము వెనక ఒక కోళ్ళ గూడు. గూడు అనడం మర్యాదకే. నాలుగు కర్రలు పాతి, మీద ఒక తుప్పు రేకు పడేశారు. రేకు నిండా చిల్లులే కాబట్టి ఎండాకాలం ఎండా, వానాకాలం వానా తలుపు తట్టే పని లేకుండా లోపలికి వచ్చేసేవి. అందులో సూరాలు అనే పెట్ట, వీరభద్రం అనే పుంజు, వాళ్ళ పిల్లలు కాపురం ఉండేవారు.

పోయిన వానాకాలం సూరాలు పిల్లల్లో ఒకటి తడిసిపోయి, తల్లి రెక్క కింద వణికి వణికి, తెల్లారేసరికి కదలడం మానేసింది. అప్పట్నుంచీ ఆకాశంలో చిన్న మబ్బు కనిపించినా సూరాలుకి గుండెల్లో దడ. ఇప్పుడు మళ్ళీ మృగశిర కార్తె దగ్గర పడింది, రెక్కల కింద కొత్త పిల్లలున్నాయి, రేకు మాత్రం పాతదే.

"ఏవయ్యా, ఈ ఏడన్నా ఇల్లు బాగు చేయిస్తావా?" అనేది మొగుడితో.

"చేయిద్దాంలేవే" అనేవాడు వీరభద్రం.

అతనికి తీరికేదీ? పొద్దున్నే లేచి కూయాలి. కూశాక, సూర్యుణ్ణి తనే లేపానన్నట్టు దొడ్డంతా ఓసారి తిరిగి రావాలి. సాయంత్రమైతే ఇంటాయన వరండా పిట్టగోడ ఎక్కి టీవీలో సీరియల్ చూడాలి. ఆ సీరియల్లో ఒక పెద్ద బంగళా, దాని హాలు మధ్యలో మెట్లు. సోమవారం పై మెట్టు మీద కాలు పెట్టిన కోడలు శుక్రవారానికి గానీ కిందికి దిగదు. ఈలోగా అత్తగారి మొహాన్ని అన్ని వైపుల నుంచీ చూపిస్తారు. వీరభద్రం మనసు ఆ మెట్ల మీద పడింది.

"కడితే అలాంటి ఇల్లే కట్టాలే. నేను పైనుంచి దిగుతుంటే మీరంతా కింద నిలబడి చూడాలి."

"చూస్తాం గానీ, ముందు కప్పు సంగతి చూడు" అంది సూరాలు.

ఈ మాటలన్నీ కాలవ అవతలి తుప్పల్లోంచి ఒక నక్క వింటూ ఉంది. ఆ దొడ్డిలోకి రావడానికి దానికిప్పుడు భయం లేదు. ముసలి కుక్క పోయాక ఇంటాయన ఇంకో కుక్కని తేలేదు, సీసీ కెమెరా పెట్టించాడు. కెమెరా అన్నీ చూస్తుంది, పాపం, మొరగడం చేతకాదు. నక్క బాధల్లా పాకలో ఉండే కపిల ఆవు గురించే. కపిల పలుపు గూడు దాకా వచ్చేంత పొడుగు, కొమ్ములు అంతకన్నా పొడుగు.

మర్నాడు పొద్దున్నే నక్క తలకి తువ్వాలు చుట్టుకుని, చంకలో తాపీ పెట్టుకుని గూటి ముందు నిలబడింది. మేస్త్రీ అన్నవాడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు చేసే పనేమిటో మీకు తెలుసు. అదే చేసింది.

"ఎవడు కట్టాడు చెల్లెమ్మా ఇది? చేతులున్నవాడు కట్టే పనేనా? ఈ గుమ్మం చూడండి బావగారూ, ఎటు పెట్టాల్సింది ఎటు పెట్టాడు! అందుకే మీకు ఏదీ కలిసి రావడం లేదు."

"నిజమే, మొన్న కూసేటప్పుడు గొంతు పట్టేసింది" అన్నాడు వీరభద్రం.

సూరాలు పిల్లల్ని వెనక్కి నెట్టుకుంది. "నువ్వు నక్కవి. మేస్త్రీవి ఎప్పుడయ్యావు?"

"అడవిలో ఇంకేం మిగిలిందమ్మా? అంతా ప్లాట్లు వేసేశారు. అక్కడే తిరిగి తిరిగి పని నేర్చుకున్నా."

"మరి తిండి?"

"మాంసం మానేశా. ఒకటే గ్యాసు. కోడి పేరు వింటే చాలు, తేన్పులు."

పక్కన నెమరేస్తున్న కపిల ఒక కన్ను తెరిచింది. "పగటి పూట నా కళ్ళెదుట చేసుకోమను సూరాలూ. పొద్దు వాలేలోగా కాలవ దాటిపోవాలి. అలాగైతే సరే."

"అంతకంటేనా అక్కా" అంది నక్క చేతులు కట్టుకుని.

"కూలి ఏమిమ్మంటావు?" అంది సూరాలు. "దాచుకున్న గింజలున్నాయి."

"ఎంత మాట! చెల్లెలి దగ్గర కూలి తీసుకుంటానా? ఫలానా మేస్త్రీ కట్టాడని నలుగురూ అనుకుంటే చాలు."

వీరభద్రం ఛాతీ పొంగింది. సూరాలుకి మాత్రం ఆ మాట నచ్చలేదు. ఒక్క గింజైనా వద్దనే మేస్త్రీని ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ ఆ పూట పడమట మబ్బు కమ్మింది. పోయినేటి పిల్ల గుర్తొచ్చింది. ఒప్పుకుంది.

ఇక పాత గూటి పక్కనే పని మొదలైంది, అంటే మొదలైనట్టు కనిపించింది. నక్క మొదటి రోజు కొలతలు తీసుకుంది. రెండో రోజు ఆ కొలతలు పోగొట్టుకుంది. తర్వాత కొన్నాళ్ళు రాలేదు. సూరాలు కాకితో కబురు పెడితే, "దారిలో ఉన్నా, వచ్చేస్తున్నానని చెప్పు" అని జవాబు పంపింది. కాకి చూసి వచ్చినదాన్ని బట్టి చూస్తే ఆ దారి తుప్పల్లో వెల్లకిలా పడుకుని ఉంది. వచ్చిన రోజున మాత్రం కాస్త మట్టి తొక్కి, "ఈ మట్టిలో జిగురు లేదు" అని కూర్చుండిపోయేది. ఇంట్లో ఎప్పుడైనా పని పెట్టుకున్నవాళ్ళకి ఇవన్నీ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

గోడలు లేచాక వీరభద్రం తన మనసులో మాట చెప్పాడు. "మేస్త్రీ, నాకు లోపల మెట్లు కావాలి."

నక్క కళ్ళు మెరిశాయి. "తప్పకుండా బావగారూ. మెట్లుంటే కింద ఖాళీ ఉంటుంది. అక్కడ ఓ అర పెట్టి చిన్న తలుపు బిగిస్తా."

"ఆ అర ఎందుకు?" అంది సూరాలు.

"చీపుళ్ళూ చేటలూ పెట్టుకోవడానికమ్మా."

"కోళ్ళకి చీపుళ్ళెందుకు?"

"సీరియల్లో కూడా ఉందే!" అన్నాడు వీరభద్రం. "పోయిన వారం ఆస్తి కాగితాలు అందులోనే దాచారు."

అలా మెట్లు వచ్చాయి, మెట్ల కింద అర వచ్చింది. అర తలుపుకి గొళ్ళెం లోపలి వైపు బిగించి ఉంది. ఎన్నిసార్లు మూసినా ఆ తలుపు కిర్రుమని తెరుచుకునేది.

"గొళ్ళెం బయట కదా ఉండాలి?" అంది సూరాలు.

"పొరపాటమ్మా. రేపు మారుస్తా."

"కప్పో?"

"అది ఆఖర్న. గృహప్రవేశం కానివ్వండి, ఆ తర్వాత దిట్టంగా నేస్తా" అని పైన నాలుగు తాటాకులు పరిచి చేతులు దులుపుకుంది.

నక్క లెక్క ఇదీ. గృహప్రవేశం నాటి తెల్లవారుజామున ఎవరూ లేవకముందే వచ్చి అరలో దూరి లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకోవాలి. కోళ్ళు లోపలికి వచ్చాక బయటికి దూకి గుమ్మానికి అడ్డం నిలబడాలి. కొమ్ములున్న కపిల ఆ చిన్న గుమ్మంలోంచి రాలేదు. కూలి వద్దన్నది అందుకే. దానికి కావలసిన కూలి సూరాలు రెక్కల కిందే కీచుకీచుమంటూ తిరుగుతోంది.

"గురువారం పొద్దు పొడిచే వేళ ముహూర్తం" అంది సూరాలు. "నువ్వు తప్పకుండా రావాలి మేస్త్రీ. కట్టినవాడికి కొత్త బట్ట పెట్టకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదు. నీ కోసం ఎర్ర కండువా ఉంచాను."

"రాకుండా ఉంటానా చెల్లెమ్మా" అంది నక్క, సగమే వింటూ.

గురువారం వచ్చింది. సూరాలు గుమ్మానికి మావిడాకు గుచ్చింది. వీరభద్రం ఈకలు దువ్వుకుని, పై మెట్టు మీంచి ఎలా దిగాలో బయట నేల మీదే నడిచి చూసుకుంటున్నాడు. కపిల కూడా పలుపు సాగినంత మేర దగ్గరికొచ్చి నిలబడింది. అందరూ వచ్చారు, మేస్త్రీ తప్ప.

"మేస్త్రీ ఏడయ్యా?" అంది సూరాలు.

"మేస్త్రీలు చెప్పిన టైముకి ఎప్పుడొచ్చారే? పద, లోపలికి పోదాం. ముహూర్తం దాటిపోతోంది."

సూరాలు కదల్లేదు. మేస్త్రీ పనిలోకి రాకపోతే వింతేముంది, అది అందరి ఇళ్ళలోనూ జరిగేదే. కానీ బట్టలు పెట్టే రోజున రాని మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా? పక్క ఊళ్ళో పని వదులుకుని, పెళ్ళాం పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు. మరి ఈయన రాలేదంటే? లేక అందరికంటే ముందే వచ్చేశాడా?

మెడ చాచి గుమ్మంలోంచి తొంగి చూసింది. ఎన్నిసార్లు మూసినా కిర్రుమని తెరుచుకునే ఆ అర తలుపు ఇవాళ బిగుసుకుని ఉంది.

అప్పటికే పిల్లలు కొత్తింట్లోకి పరిగెత్తాలని గుమ్మం దగ్గర తోసుకుంటున్నాయి. సూరాలు రెండు రెక్కలూ విప్పి గుమ్మానికి అడ్డం పెట్టింది. అరవాలనిపించింది. అరిస్తే లోపలున్నది ఒక్క దూకులో బయటికొస్తుంది, పిల్లలు గుమ్మం దగ్గరే ఉన్నాయి. గొంతు సవరించుకుని, లోపలికి వినపడేలా మామూలుగానే మాట్లాడింది.

"ఆగండి. కొత్తింట్లోకి ముందుగా ఎవరు వెళ్ళాలి? ఆవు వెళ్ళాలి. కపిలక్క అడుగు పెట్టాకే మనం."

"ఈ గుమ్మంలో ఆవిడెక్కడ పడుతుందే?" అన్నాడు వీరభద్రం.

"మొత్తం పట్టక్కర్లేదు. ఒక కాలు పెడితే చాలు, ఆచారం తీరిపోతుంది" అని, పిల్లల్ని వీరభద్రం వైపు తోలి, కపిల చెవి దగ్గరికి ఎగిరి ఇంకో రెండు మాటలు చెప్పింది.

"అలాగా" అంది కపిల. నెమ్మదిగా నడిచి వచ్చింది. గుమ్మంలోంచి ముందు కాలు లోపలికి పెట్టి, ఇల్లంతా వదిలేసి సరిగ్గా మెట్ల మీదే మోపబోయింది.

మెట్ల కింద నుంచి ఒక గొంతు కంగారుగా వినిపించింది. "ఆ మెట్టు మీద వద్దక్కా, ఇంకా ఆరలేదు!"

"ఎవరదీ?" అంది కపిల, కాలు గాల్లో ఆపి.

"మన మేస్త్రీగారే అక్కా" అంది సూరాలు. "పాపం, ముహూర్తానికి ముందే వచ్చారు."

కపిల కాలు దించింది. జిగురు లేని మట్టితో కట్టిన మెట్లు ఒక్కసారిగా కూలి కిందికి దిగాయి. సీరియల్లో కోడలు వారం రోజుల్లో దిగే మెట్లు ఇక్కడ కన్ను మూసి తెరిచేలోగా నేలకు దిగిపోయాయి. మట్టిపెళ్ళల్లోంచి నక్క తల బయటికొచ్చింది. తోక మాత్రం రాలేదు, అది కపిల గిట్ట కింద ఉంది.

"గొళ్ళెం మారుద్దామని వచ్చానమ్మా" అంది నక్క.

"చీకట్లోనా?"

"పని మీద ధ్యాస అలాంటిది."

"మంచిది" అంది సూరాలు. కోపంతో ఆమె మెడ ఈకలు నిక్కి ఉన్నాయి, గొంతు మాత్రం చల్లగా ఉంది. "ధ్యాస ఉంది కాబట్టి ఆ కప్పు కూడా కానిచ్చెయ్యి. తాటాకులు వాము పక్కన ఉన్నాయి. అక్క నీ తోక పట్టుకుని ఉంటుంది, నువ్వు జారి పడకుండా."

"ఇవాళ కుదరదు చెల్లెమ్మా, అవతల ఇంకో పని ఒప్పుకున్నా."

కపిల గిట్ట మీద కొంచెం బరువు వేసింది.

"కుదురుతుంది, కుదురుతుంది" అంది నక్క.

ఆ రోజు ఆ నక్క చేసినంత పని ఏ మేస్త్రీ చేయగా మనం చూసి ఉండం. టీ అడగలేదు. బీడీ కాల్చలేదు. సామాను సరిపోలేదని ఒక్క మాట అనలేదు. తోక వదలకుండానే కపిల వాము మీదికి ఎక్కించి కూర్చోబెట్టిన చోటి నుంచే ఆకు మీద ఆకు వేసి, ఈనెలు బిగించి, చూరు కిందికి దించి నేసింది. కపిల కింద నిలబడి వేలాడే తోకని పళ్ళతో పట్టుకుంది. వీరభద్రం మేస్త్రీ మీద మేస్త్రీలా తిరుగుతూ, "ఆ మూల ఇంకో ఆకు పడాలి" అంటుంటే నోరు మూసుకుని వేసింది.

"మెట్లు మళ్ళీ కట్టమంటారా బావగారూ?" అంది మధ్యలో, ఆశ చావక.

వీరభద్రం పెళ్ళాం మొహం చూశాడు. "వద్దు. దిగడానికి పిట్టగోడ ఉందిగా" అన్నాడు.

ఆఖరి ఆకు బిగుస్తుండగా పెద్ద చినుకు పడింది. ఆ వెంటనే వాన మొదలైంది. సూరాలు ముందు తనొక్కతే లోపలికి వెళ్ళి, కప్పు కేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. ఎక్కడా చుక్క పడలేదు. అప్పుడు పిల్లల్ని పిలిచింది. అవన్నీ పొడి నేల మీద ఆమె రెక్కల కింద సర్దుకున్నాక గానీ ఆమె ఊపిరి పూర్తిగా తీసుకోలేదు.

"ఇక నన్ను పోనివ్వండమ్మా" అంది నక్క తడుస్తూ.

"కూలి తీసుకోకుండా ఎలా పోతావు?" అంది సూరాలు గుమ్మంలోంచి.

"వద్దు చెల్లెమ్మా, మొదట్లోనే చెప్పాగా."

"ఊరికే చేయించుకుంటే మాకు అరగదు. అక్కా, మేస్త్రీగారి కూలి ఇచ్చి పంపించు."

కపిల తోక వదిలింది. నక్క వాము మీంచి దిగి రెండడుగులు వేసేలోగా, అటు తిరిగి వెనక కాలితో కూలి మొత్తం ఒకేసారి ఇచ్చేసింది. నక్క కాలవ అవతల బురదలో తేలింది. తాపీ అడగడానికి కూడా మళ్ళీ ఇటు రాలేదు.

పని ఎగ్గొట్టే మేస్త్రీ వల్ల ఇల్లు ఆలస్యమవుతుంది, అంతే. కూలి వద్దనే మేస్త్రీ వస్తే ముందు ఇంట్లో పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలి.