అక్క వేసిన మూడు ఈలలు

ఎరువాక పున్నమి వెళ్ళిన మర్నాడు, పొద్దున్నే, బొల్లిచెవికి అన్యాయం జరిగింది. చేసినవాడు పరాయివాడు కాదు. ఆమె నోటి ముద్ద తిని పెరిగిన సొంత తమ్ముడు. ఎలాగంటారా? చెబుతాను, కదలకుండా వినండి.

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో రేచుకుక్కల గుంపు. రేచుకుక్కలంటే మన వీధికుక్కలు కావు. ఎర్రగా ఉంటాయి, నక్కకన్నా కాస్త పెద్దవి. ఈల వేస్తాయి. పొదల్లో ఒకరికొకరు కనబడరు కదా, ఆ ఈలే వాటికి కన్ను. ‘రండి’ అనడానికి పొట్టి ఈల. ‘వెనక్కి’ అనడానికి పొడుగు ఈల, చివర చిన్న విరుపు. ప్రమాదం చూసినవాళ్ళు ఎవరైనా వెయ్యొచ్చు. ముసలిదైనా సరే, పసిదైనా సరే. పొడుగు ఈల వినబడితే రాజైనా ఆగాల్సిందే. అది తాతలనాటి కట్టుబాటు.

ఆ గుంపుకి రాజు కెంపరాయుడు. తల్లి పోయేనాటికి వాడికి సరిగ్గా పళ్ళు కూడా రాలేదు. అక్క బొల్లిచెవి వేటాడి, తిని, పరుగున వచ్చి వాడి ముందు ముద్ద కక్కేది. రేచుకుక్కలు పిల్లలకి అలాగే పెడతాయి, ముఖాలు చిట్లించకండి. నడక నేర్పింది. ఈల నేర్పింది. జోడు వెతుక్కోవాల్సిన వయసంతా వాడికే ధారపోసింది. వాడు రాజయ్యాడు. మంచిదే. రాజయ్యాక మెడ వంచడం మరిచిపోయాడు.

ఆ పొద్దున గుంపు ఒక దుప్పిని తరుముతోంది. దుప్పి ఎండిన వాగులోకి దూకింది.

“దూకండి!” అన్నాడు కెంపరాయుడు.

అప్పుడే వెనకనుంచి బొల్లిచెవి పొడుగు ఈల. అందరూ టక్కున ఆగారు. కెంపరాయుడి కాళ్ళూ ఆగాయి, చిన్ననాటి అలవాటు మరి. రెప్పపాటులో పైనుంచి ఎర్రనీళ్ళు దుంగల్ని దొర్లించుకుంటూ వచ్చి దుప్పిని లాక్కుపోయాయి.

ఎవరికీ ఏమీ కాలేదు, రాజుగారి పరువుకి తప్ప. ఎందుకంటే గుంపులో ఒక తుంటరిది ఊరుకోలేక అడిగింది: “ఇంతకీ మన రాజు ఎవరు? దూకమన్నాయనా, ఆపినావిడా?”

గుంపంతా గొల్లుమంది. బొల్లిచెవి కూడా నవ్వింది. ఆ నవ్వు కెంపరాయుడి చెవిలో జోరీగలా దూరింది. ప్రాణం దక్కిందన్న మాట మరిచాడు. నవ్వారన్న మాటే మిగిలింది.

బండ ఎక్కి అరిచాడు: “ఈరోజు నుంచి ఈల నాది! ఇంకెవరు వేసినా గుంపులో చోటు లేదు. ముందుగా వేసిన బొల్లిచెవికే లేదు. వాగు దాటి వెళ్ళిపోవాలి.”

బొల్లిచెవి నమ్మలేదు. “ఒరేయ్ తమ్ముడూ, ఆటలా?”

“తమ్ముడూ గిమ్ముడూ ఇంటి దగ్గర. ఇక్కడ నేను రాజుని.”

“గుంపంటే ఇల్లు కాక మరేమిట్రా? ఆ ఈల నీకు నేర్పిందెవరు?”

కెంపరాయుడికి సమాధానం తెలుసు. అందుకే ఇంకా గట్టిగా అరిచాడు: “నడు!”

వరద తగ్గాక ఆమె నడిచింది. వాగు నడుమ ఒక్కసారి ఆగి, “నీ మీద కోపం లేదురా. నీ కొడుకుని జాగ్రత్తగా చూసుకో” అంది.

ఆ కొడుకు పేరు చిటికెన. చిటికెనవేలంత పుట్టాడని ఆ పేరు. మేనత్త వెళ్ళిన రాత్రి వాడు ముద్ద ముట్టలేదు. తల్లి నేరేడు భర్త దగ్గరికి వచ్చింది. “ఏమయ్యా, వదినని పిలు. తప్పయిందను. నోరు అరిగిపోదు.”

“అన్న మాట వెనక్కి తీసుకుంటే రేపు నన్నెవరు లెక్కచేస్తారు?”

“మాట వెనక్కి తీసుకోవచ్చు. మనిషి పోతే తీసుకురాలేం” అనేవాళ్ళం మనలో ఎవరమైనా. నేరేడు ఇంకా సూటిగా అంది: “నీకు భయం. అంతే.”

కెంపరాయుడు అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపట్టలేదు. పట్టిందని నటించాడు.

ఇరవై మూడు రోజులు గడిచాయి. చిటికెన తొలి వేట రోజు వచ్చింది. తొలి వేటకి వచ్చిన పిల్ల గుంపుకి ముందు నడవాలి. అదీ తాతలనాటి కట్టుబాటే. నచ్చిన కట్టుబాటుని నిలబెట్టాడు రాజు, నొప్పించినదాన్ని తీసేశాడు. గద్దె ఎక్కినవాళ్ళకి ఇది మామూలే.

తెల్లవారింది. సన్నగా జల్లు. ముందు చిటికెన, వెనక తండ్రి, ఆ వెనక తల్లి, మిగతా అందరూ. ఎదురుగా వాగు ఒడ్డు, నిలువెత్తు రెల్లుగడ్డి. గడ్డిలో ఏదో కదిలినట్టయింది. గాలేమో.

అప్పుడు వాగు అవతలి కొండమీద నుంచి ఈల వినబడింది. పొడుగు ఈల. చివర విరుపు.

గుంపు ఆగింది. కెంపరాయుడి ఒంటిమీద రోమాలు లేచాయి. ఆ విరుపు లోకంలో ఒక్కరిదే.

“కొండగాలి. నడవండి” అన్నాడు.

రెండోసారి ఈల. ఈసారి దగ్గరగా. ఎవరో కొండ దిగి పరుగెత్తుకొస్తున్నారు.

నేరేడు ముందుకొచ్చి అడ్డం నిలబడింది. “అది వదిన ఈల. నీకూ తెలుసు.”

“తెలిస్తే?”

“ఆగు!”

“వెళ్ళగొట్టినదాని ఈలకి ఆగితే, నా ఆజ్ఞ నేనే మీరినట్టు.”

చిటికెన వెనక్కి తిరిగాడు. “నాన్నా, గడ్డిలో ఏదో వాసన. ఈల వెయ్యనా?”

“ఈల నాది.”

“అయితే నువ్వు వెయ్యి నాన్నా.”

కెంపరాయుడి గొంతులో ఈల సిద్ధంగానే ఉంది. పెదవిదాకా వచ్చింది. వెనక ఇరవై జతల కళ్ళు. ఆ తుంటరి నవ్వు మళ్ళీ చెవిలో గిర్రుమంది.

“నడవరా” అన్నాడు.

చిటికెన మంచి కొడుకు. నడిచాడు.

మూడో ఈల రెల్లుగడ్డిలో నుంచే వచ్చింది, సగంలో తెగిపోయింది. ఆ వెంటనే గడ్డి పసుపూ నలుపూ అయి లేచింది. పులి. దానికీ చిటికెనకీ మధ్య బొల్లిచెవి దూకింది. మొదటి దెబ్బ ఆమెకి. రెండోది చిటికెనకి. మూడో దెబ్బకి పని లేకపోయింది. గుంపు చెల్లాచెదురైంది. పులి చిటికెనని నోట కరుచుకుని వాగు దాటిపోయింది.

కెంపరాయుడు అక్క దగ్గర కూలబడ్డాడు. ఆమెకి ఇంకా ఊపిరి ఉంది.

“మూడుసార్లు వేశానురా,” అంది. “వాన చప్పుడులో నీకు వినబడలేదు కాబోలు. పాపం, నీ తప్పు కాదులే.”

ఒక్క అబద్ధం చాలు. వినలేదంటే ఆమె సుఖంగా పోయేది. కానీ అక్క ముందు అబద్ధమాడటం వాడికి ఎన్నడూ రాలేదు.

“విన్నానక్కా.”

బొల్లిచెవి వాడి ముఖంలోకి చూసింది. పులి కొట్టినప్పుడు లేని బాధ అప్పుడు వచ్చింది ఆ కళ్ళలోకి. ఆ కళ్ళు తెరిచి ఉండగానే ఊపిరి ఆగింది.

చాలాసేపటికి కెంపరాయుడు లేచి పొట్టి ఈల వేశాడు. రండి. ఎవరూ రాలేదు. మళ్ళీ వేశాడు. గట్టుమీద నేరేడు కనబడింది. ఆమె వెనక గుంపంతా ఉంది.

“నేరేడూ...”

“ఈల నీదన్నావుగా. నువ్వే ఉంచుకో” అంది ఆమె. గుంపుని తీసుకుని కొండ ఎక్కింది. వెనక్కి చూడలేదు.

వాడు వేస్తూనే ఉన్నాడు. అడవిలో ఈల ఒక్కడిదే అయింది, కోరుకున్నట్టే. బొల్లిచెవిని వెళ్ళగొట్టి ఆనాటికి ఇరవై నాలుగో రోజు. తిథి ఆషాఢ శుద్ధ నవమి.

నీతి: హెచ్చరిక ఎవరి నోట వచ్చిందని చూడకు, నిజమా కాదా అని చూడు. తల వంచితే పోయేది పంతం ఒక్కటే. వంచకపోతే పోయేది నీవాళ్ళు.