నగారా మీద చెయ్యి

హెప్సిబాకు సింఫనీల మీద పట్టు ఎక్కువ, మనుషుల మీద ఓపిక తక్కువ.

సింఫనీ ఒక స్వరాన్ని ఇల్లు చేసుకుని మొదలవుతుంది. నాలుగు చోట్లా తిరిగి మళ్ళీ ఆ ఇంటికే చేరుతుంది. ఆ ఇంటి పేరే కీ. "బ్రామ్స్ నాలుగోది" అంటే చాలు, "ఈ మైనర్" అనేది హెప్సిబా. "మొజార్ట్ నలభయ్యోది" అనేలోపే "జీ మైనర్" అనేది. ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆమె గురువు రత్నశీలమ్మ టీచర్. సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాల్లో ఇరవై ఆరుగురితో ఆర్కెస్ట్రా నడుపుతోంది. ఆ ఏడాది క్రిస్మస్ కచేరీలో హైడన్ రాసిన, డి మేజర్ ఇల్లుగా ఉన్న సింఫనీ ఒకటి వాయించాలి. ముందు నిలబడి సన్న కర్ర ఊపుతూ అందరినీ నడిపించే పని శిష్యురాలికి ఇద్దామనుకుంది.

హెప్సిబా ఒక షరతు పెట్టింది.

"నగారాల దగ్గర మల్లేశం గారిని మార్చండి టీచర్. ఆయనకి కీల పేర్లే తెలీవు. నిన్న బీ మైనర్‌లో ఉండగా, ఎక్కడున్నామో చెప్పమంటే ఏమన్నాడో తెలుసా? 'బయట తిరుగుతున్నం' అన్నాడు."

"తప్పేముంది? తిరుగుతున్నాంగా."

"నేను నడిపిస్తే ఆయన ఉండకూడదు."

రైల్వే బ్యాండులో పనిచేసి రిటైరైన మల్లేశం ఆ మాట విన్నాడు. నగారా పుల్లలు బల్ల మీద పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాడు.

"అయితే ఇవాళ నువ్వే వాయించు," అంది టీచర్ హెప్సిబాతో.

రెండు రాగి నగారాలు. ఒకటి 'డి' స్వరం పలుకుతుంది, రెండోది 'ఏ'; రెండూ డి మేజర్ ఇంటివే. అంతే. సంగీతం ఇల్లు దాటి దూరం వెళ్ళినప్పుడు వాటికి పని లేదు. తిరిగొచ్చిన క్షణాన మాత్రం మోగి తీరాలి.

మొదలుపెట్టారు. సంగీతం ఇల్లు దాటింది. హెప్సిబా చేతులు ఖాళీ. మనసు ఖాళీగా లేదు. ఇది బీ మైనర్, ఇది ఎఫ్ షార్ప్ మైనర్, ఇదిగో ఈ మైనర్... పేర్లు పెట్టుకుంటూ పోతోంది. ఇంతలో అందరూ ఒక్కసారిగా డి మేజర్‌లోకి వచ్చిపడ్డారు. నగారా మోగలేదు.

"మళ్ళీ," అంది టీచర్.

ఈసారి నగారా ఆగి ఉండాల్సిన విరామాలు వేళ్ళ మీద లెక్కపెట్టింది హెప్సిబా. మధ్యలో లెక్క తప్పింది. రెండు దెబ్బలు ముందే పడ్డాయి. ఫ్లూట్ వాయించే కుర్రది కిసుక్కున నవ్వింది.

వెనక బెంచీ నుంచి మల్లేశం అడిగాడు. "ఎట్లుంది మేడం, ఉత్తగ కూసునుడు?"

హెప్సిబా ముఖం ఎర్రబడింది. "మీరెలా లెక్కపెడతారు?"

"నేనెక్కడ లెక్కవెడ్త? నాకు నలభై దాటితే లెక్కనే రాదు."

అందరూ నవ్వారు. టీచర్ నవ్వలేదు. వచ్చి హెప్సిబా కుడి అరచేతిని డి నగారా తోలు మీద ఆనించింది, నిద్రపోయే పిల్ల వీపు మీద ఆనించినంత తేలిగ్గా.

"పేర్లొద్దు. లెక్కొద్దు. చెయ్యి తియ్యకు."

మూడోసారి మొదలైంది. సంగీతం దూరం వెళ్ళింది. తోలు ఇంచుమించు కదలకుండా ఉంది. హెప్సిబా ఎదురుచూసింది. ఆర్కెస్ట్రా ఎక్కడెక్కడో తిరుగుతోంది. ఆ చోట్లకు పేర్లు పెట్టాలని నాలుక దాకా వచ్చింది, ఊరుకుంది. కాసేపటికి అరచేతి కింద సన్నగా వణుకు. ఎవరూ కొట్టలేదు. సెల్లోల లావు తీగలు డి దగ్గరికి వస్తుంటే తోలు తనంతట తనే పలుకుతోంది. వణుకు పెరిగింది. ఆమె చెయ్యెత్తి పుల్లలు అందుకుంది.

దెబ్బ సరిగ్గా పడింది. హాలు కిటికీలు అదిరాయి.

వాయించడం అయ్యాక ఆమె నేరుగా వెనక బెంచీ దగ్గరికి నడిచి, పుల్లలు రెండు చేతులతో మల్లేశానికి ఇచ్చింది.

"ఈ ఏడాది నేను నడిపించను టీచర్," అంది. "మల్లేశం గారి పక్కన కూర్చుని నేర్చుకుంటాను."

రత్నశీలమ్మ తన చేతిలోని సన్న కర్ర ఆమె చేతిలో పెట్టింది.

"పక్కన కూర్చుంటే ఆయన ముఖం కనపడదు," అంది. "ఎదురుగా నిలబడు."