ఐదు మెట్ల మీద బొట్టుబిళ్లలు

కనకవల్లి టీచరుకి ఆ ఐదు స్వరాలూ నిలవడం లేదు.

బళ్లో పిల్లలకి సంగీతం చెప్పి రిటైరైన మనిషి. ఈమధ్య ఇంటికొచ్చే ఆడపిల్లలకి కీర్తన చెబుతూ, ఉద్యోగం పొడుగునా చెప్పిన చరణమే నోటికి రాక ఆగిపోయింది. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆ రోజే పాఠాలు ఆపేసింది. మతి జారిపోతోందేమోనన్న భయం ఎవరికీ చెప్పలేదు. తనకి తనే ఒక పరీక్ష పెట్టుకుంది. ఎన్నడూ ఎరగని విద్య ఒకటి కొత్తగా పట్టుబడితే పిల్లల్ని మళ్లీ రమ్మంటుంది. లేదా, ఇక ఆ ఊసెత్తదు.

అలా వెళ్లింది మెట్టుగూడలో ఉండే డెస్మండ్ మాస్టారి దగ్గరికి. ఒకప్పుడు రైల్వేవాళ్ల డాన్సుల్లో జాజ్ పియానో వాయించిన పెద్దాయన.

మాస్టారు ఆమెకి ఐదు స్వరాల వరస ఒకటి ఇచ్చారు. పియానో మీద మొదటిది నల్లమెట్టు, తక్కినవి తెల్లవి. మన మోహనరాగమే, కాకపోతే రిషభాన్ని ఒక మెట్టు కిందికి లాగి షడ్జమానికి ఆనించినట్టుంటుంది. ఆయన ఎడమచేత్తో కింది స్వరాలు గుత్తిగా నొక్కి పట్టి, ఆ ఐదింటితో తోచింది వాయించమనేవారు. ఆ రిషభం పడ్డప్పుడల్లా కింది స్వరాలతో గీసుకుని, అన్నంలో రాయి తగిలినట్టు కనకవల్లికి పళ్లు జివ్వుమనేవి.

"అపస్వరం మాస్టారూ," అంది మొదటి రోజు.

"అపస్వరమే. దానికోసమే ఈ వరస, టీచరమ్మా. మీ ఇంట్లో పచ్చడి కారం లేకుండా నూరతారా?"

కారం సంగతి ఎలా ఉన్నా, వాయిస్తుండగా ఏదో ఒక స్వరం జారిపోయేది. చెయ్యి గాల్లో నిలబడిపోయేది. చివరికి సంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసి, ఆ ఐదు మెట్ల మీదా తలా ఒకటి అంటించేసింది. పియానోకి పెళ్లి చేస్తున్నారా అని మాస్టారు నవ్వారు గాని, తీసేయమనలేదు.

అప్పట్నుంచీ తడబాటు లేదు. సంతోషమూ లేదు. బిళ్ల చూసి నొక్కడం విద్య ఎలా అవుతుంది? మనసులో నానిన ఆ మాట ఒక సాయంత్రం పైకే వచ్చేసింది.

"ఇవి పీకేస్తే నా దగ్గరేం లేదు మాస్టారూ. నాకిక గుర్తుండదు. రేపట్నుంచి రాను."

చరణం మరిచిన సంగతీ, పిల్లల్ని వద్దన్న సంగతీ కూడా చెప్పేసింది. మాస్టారు ఓదార్చలేదు. వంటింట్లో టీ కాచి ఉంది, ఇద్దరికీ పోసుకురమ్మన్నారు. తెచ్చేసరికి ఆయన కూచున్నచోటే కూచుని ఉన్నారు. ఎలాగూ వెళ్తున్నారు కదా, ఒక్కసారి వాయించి వెళ్లమన్నారు.

ఆయన కింది స్వరాలు పట్టారు. కనకవల్లి బిళ్లల మీదుగా వేళ్లు నడిపింది. ఎక్కడా గీసుకోలేదు. పాలల్లో పంచదార కరిగినట్టు పోతోంది. ఇంకోసారి వాయించి, మొహం చిట్లించింది.

"ఇది కాదు."

"బిళ్లల మీదే నొక్కుతున్నారుగా?"

"బిళ్లల గోల నాకెందుకు? ఇది ఉత్త మోహనం. చప్పగా ఉంది."

ఆమె వేలు రెండో బిళ్లని వదిలేసి, పక్కనున్న తెల్లమెట్టు మీదికి జరిగింది. పళ్లు జివ్వుమన్నాయి.

"ఇదీ," అంది, అక్కడే వేలుంచి.

మాస్టారు కూడా చెయ్యి ఎత్తలేదు. ఆ ఒరిపిడి గదంతా నిండి, మెల్లిగా సన్నగిల్లి పోయింది.

అప్పుడు చూసింది ఆ బిళ్లని. తను తిన్నగా అంటించిందే, ఇప్పుడు ఒక మెట్టు అవతల వంకరగా ఉంది. తలతిప్పి మాస్టారి వంక చూసింది. ఆయన ఎంతో శ్రద్ధగా టీ ఊదుకుంటున్నారు.

కనకవల్లి మళ్లీ పియానో వైపు తిరిగింది. కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఐదింటినే ముందుకీ వెనక్కీ తిప్పి, విడదీసి, కలిపి, తోచినట్టల్లా వాయించుకుంది. టీ చల్లారిపోయింది.

లేచి చెప్పులు వేసుకుంటూ, గురువారం మాత్రం రాలేనంది.

"ఏం?"

"పిల్లలొస్తారు."

మాస్టారు తలూపారు. "మళ్లీ చరణం మరిచిపోతేనో?"

"వాళ్లనే అడుగుతాను," అంది కనకవల్లి.