మూడు ముంతల అంబలి

ఒకానొక రాజ్యంలో భుజంగరాయుడనే రాజుండేవాడు. ఆయన భోజనానికి కూర్చుంటే చుట్టూ ముప్ఫై రెండు గిన్నెలు. ఒక్క పనసపొట్టు కూరకే ప్రత్యేకంగా ఒక వంటవాడుండేవాడు. పనసపొట్టు సన్నగా కొట్టడం అందరికీ చేతకాదు లెండి, అది వేరే సంగతి.

ఒకనాడు బూరెలు ఎక్కువై రాజుగారి కడుపు ఉబ్బింది. వైద్యుడు ఉత్త రాగి అంబలి తాగించాడు. రాజుకు ప్రాణం లేచివచ్చింది.

సరిగ్గా ఆనాడే కాలువ తవ్వే కూలీల పెద్ద ఓబులప్ప కొలువుకు వచ్చాడు.

"దొరా, పన్నెండేళ్ళుగా రెండు పూటలా ఉత్త అంబలే పోయిస్తున్నారు. నంజుకోవడానికి తలా ఒక ఉల్లిపాయ ఇప్పించండి."

"అంబలి అమృతంరా! అమృతంలో నంజుకోవడమేమిటి? మళ్ళీ నోరెత్తితే అదీ ఆపిస్తాను!"

ఓబులప్ప తల వంచుకున్నాడు. ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టుకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ మింగి లేచాడు.

"ప్రభువు అమృతమంటే అమృతమే. కానీ వీళ్ళు చూస్తేగాని నమ్మరు. ఏడు రోజులు తమరు కాలువగట్టున, వీళ్ళ ఎదుట, అంబలే సేవిస్తే సరి."

"ఏడేమిటి, పధ్నాలుగు!" రాజు మీసం దువ్వాడు. "మధ్యలో నేను ఇంకో రుచి అడిగితే, వీడడిగింది ఇచ్చేస్తాను!"

మొదటిరోజు రాజు లొట్టలు వేస్తూ తాగాడు. రెండోరోజు ముంతలోకి తొంగిచూసి, "నిన్నటిదేనా?" అన్నాడు.

"అదే ప్రభూ. అమృతం మారదు కదా!" అన్నాడు పక్కనే ఉన్న చెన్నుభట్టు.

మూడోరోజు ముంత నోటిదాకా వెళ్ళి ఆగింది. నగరులోని వంటశాల వైపు నుంచి ఇంగువ పోపు వాసన వచ్చింది. రాజు పక్కకు వంగాడు.

"ఓయ్ చెన్నుభట్టూ, ఒక ఊరమిరపకాయ దొరుకుతుందా?"

"నా చెవులు కాస్త మందం ప్రభూ."

"ఊరమిరపకాయయ్యా! పోనీ ఉల్లిపాయ! నంజుకోవడానికి ఏదో ఒకటి!"

ఆ అరుపుకు గట్టంతా పలుగులు ఆగిపోయాయి. చెన్నుభట్టు ఓబులప్ప వైపు తిరిగాడు.

"విన్నావా ఓబులప్పా? ప్రభువు నీకంటే ఎంత చురుకో చూడు. ఈ మాట అడగడానికి నీకు పన్నెండేళ్ళు పట్టింది. ఆయనకు మూడు ముంతలు చాలాయి!"

రాజు ముఖం ఎర్రబడింది. ఇంతలో రాజు పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, పకపకా నవ్వు బయటపడింది. ముంతలోని అంబలి సగం మీసాలమీదే ఒలికింది.

"ఓబులప్పా, ఉల్లిపాయే కాదు, రేపటినుంచి మీకు పప్పూ, మజ్జిగా, పూటకో కూరా!" అని, చేతి కడియం తీసి చెన్నుభట్టుకు తొడిగాడు. "ఇది నీకు. నేను తాగవలసిన పదకొండు రోజుల అమృతం మిగిలింది కదా, అదీ నీకే!"